లైన్ మీద ఉండమన్న గొంతు

కూర్మారావు బాబాయ్ ఇంట్లో కంప్యూటర్ దానంతట అదే కదులుతోందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఎర్రమ్మ. ఆవిడది వాళ్ల పక్క క్వార్టర్. చేతులకు రొట్టెల పిండి అంటుకుని ఉండగానే నా కౌంటర్‌కు పరుగెత్తుకొచ్చింది.

"సత్యక్కా, బేగి రా! ఆ ల్యాప్‌టాపు మీద బాణం గుర్తు తిరిగేస్తంది. కూర్మారావు బాబు సెయ్యి ఎట్టనేదు. ఫోన్లో ఎవుడో ఇందీలో సెప్తన్నాడు, ఈయన 'ఎస్ సార్, ఎస్ సార్' అంతన్నాడు. నరసమ్మ పిన్ని గుమ్మం కాడ నిలబడి ఏడస్తంది."

"ఎంతసేపట్నించి?"

"ఏమో, నాకేటి తెలుసు? నాను పిండి కలపకముందు నించీ అదే మాట!"

ఆ రోజు బాబాయ్ డబ్బు కొంత పోయింది. ఎంత పోయిందో ఈ కాలనీలో అందరూ అడిగారు కాబట్టి నేను రాయను. ఆ డబ్బు కంటే ఆ మనిషి పేరు పోతుందేమోనని నేను ఎక్కువ భయపడ్డాను. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇదంతా.

మా రైల్వే కాలనీలో, ఓల్డ్ సెటిల్‌మెంట్ వీధి మొదట్లో ఒక అద్దె గదిలో చాలా ఏళ్లు ఆన్‌లైన్ సేవల కౌంటర్ నడిపాను. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు, గ్యాస్ బుకింగులు, ఆధార్ మార్పులు, రైలు టికెట్లు, ఇవే నా పని. బడికి పోయిన దాన్ని కాను. చిన్నప్పుడు జబ్బు చేసి మంచం పట్టాను. అమ్మ వంటింట్లోనే తెలుగు నేర్పింది. రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చాక నాన్న హిందీ, ఇంగ్లీషు నేర్పారు. కంప్యూటర్ నేను పెద్దయ్యాక, అదీ ఇంట్లోనే, తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. నేర్పినవాళ్లందరికీ రోజూ దీపం పెట్టేటప్పుడు దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పుడు ఆ కౌంటర్‌ను ఇందా పేట నుంచి వచ్చే బెంగాలీ అమ్మాయి మౌసుమి చూసుకుంటోంది. తనలాంటి అమ్మాయిలు చాలామంది ఈ పనిలోకి వస్తున్నారు. "మాసీ, కుఛ్ లిఖ్ దో నా", పిన్నీ ఏదైనా రాసివ్వవా అని తను అడిగింది కాబట్టి రాస్తున్నాను. పోర్టల్ ఎలా తెరవాలో మీకు నాకంటే బాగా తెలుసు. తెలియనిది మనుషుల సంగతి.

ఆయన ఎందుకు నమ్మారు

నేను వెళ్లేసరికి బాబాయ్ బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉన్నారు. ఫోను స్పీకర్‌లో ఉంది. ల్యాప్‌టాప్ తెర మీద బ్యాంకు పేజీ తెరుచుకుని ఉంది, బాణం గుర్తు దాని మీద తీరిగ్గా తిరుగుతోంది. ఆయన రెండు చేతులూ బల్ల మీద ఊరికే ఉన్నాయి.

"బాబాయ్, ఎవరది?"

ఆయన తల తిప్పకుండా అరచెయ్యి ఎత్తి నన్ను ఆపేశారు. "ష్! వర్కింగ్‌లో మాటాడకూడదు. పెన్షన్ ఆఫీసు. నా లైఫ్ సర్టిఫికెట్టు పడలేదంట."

"నేనే కదా పంపాను! పడిందని మెసేజ్ కూడా చూపించాను కదా!"

"నువ్వు పంపినావు గానీ అమ్మా, అక్కడ పడలేదంట. ఈ మిషన్లో వైరస్ ఉందంట. అతను తీసేస్తన్నాడు."

చూడండి. ఎదురుగా కూర్చుని ఆయన వేలిముద్ర తీసుకుని పంపినదాన్ని నేను. ఆ సాక్ష్యం చాలలేదు. మొహం కూడా తెలియని గొంతు 'పడలేదు' అంటే చాలింది. ఈ పనిలో నాకు అన్నిటికంటే విసుగు తెప్పించింది ఇదే. మన వాళ్లకు ఎదుటి మనిషి మాట కంటే ఆఫీసు గొంతు మీద గురి ఎక్కువ.

కానీ బాబాయ్ నమ్మడానికి ఇంకో కారణం ఉంది. అది తెలియకపోతే మీరు ఆయన్ని మూర్ఖుడనుకుంటారు. ఆయన రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. చిన్న చిన్న స్టేషన్లలో, సిగ్నల్ కేబిన్లలో పనిచేశారు. అక్కడ కంట్రోల్ ఫోను, అంటే బళ్లు నడిపించే పై ఆఫీసు ఫోను, మోగితే ఎత్తాలి. అవతలి గొంతు చెప్పినదాన్ని మాట పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. పెట్టేయమనేదాకా పెట్టకూడదు. లైన్ ఖాళీగా ఉందని రెండు స్టేషన్లవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు మాట ఒక్కటే చాలదు, దానికి రుజువుగా 'ప్రైవేట్ నంబర్' అని ఒక అంకె చెప్పాలి. ఆ అంకె ఒక్కసారే పనికొస్తుంది, తర్వాత కొట్టేస్తారు. ఆ అంకె మీదే బండి కదులుతుంది. అడిగినప్పుడు వెంటనే, తడుముకోకుండా చెప్పడమే ఆయన ఉద్యోగం.

ఇప్పుడు ఫోన్లో ఒకడు అచ్చం ఆ పద్ధతిలోనే మాట్లాడాడు. లైన్ మీదే ఉండమన్నాడు. తాను చెప్పింది తిరిగి చెప్పమన్నాడు. మీ ఫోనుకు ఒక నంబరు వస్తుంది, ఒక్కసారే పనికొస్తుంది, చదవండి అన్నాడు. వాడికి రైల్వే సంగతి తెలిసి కాదు, ఎవరితోనైనా అదే పాట పాడతాడు. కానీ కూర్మారావు బాబాయ్‌కు అది జీవితమంతా చేసిన పని. తప్పు చేస్తున్నానని కాదు, డ్యూటీ సరిగ్గా చేస్తున్నానని అనుకున్నారాయన.

నరసమ్మ పిన్ని ఏం చేసింది

వాడు బాబాయ్ చేత ఎక్కించిన యాప్ ఏదో తెర మూలన చూడగానే గుర్తుపట్టాను. దూరాన కూర్చున్నవాడు మన తెరను చూస్తూ మన మౌస్‌ను తానే కదపడానికి పనికొచ్చే యాప్‌లు ఉన్నాయి. ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు వాటిని వాడతారు. వాటిలో దోషం లేదు. తెరవగానే ఒక నంబరు చూపిస్తాయి. ఆ నంబరు ఇంకొకరికి చెప్పడమంటే ఇంటి తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టి, మనం వీధి అరుగు మీద కూర్చోవడం.

"ఎర్రమ్మా, ప్లగ్ పీకెయ్" అన్నాను.

పాపం, పీకింది. ఫ్యాన్ ఆగిపోయింది.

"అది కాదే, పక్కది!"

పక్కది కూడా పీకింది. ల్యాప్‌టాప్ ఆగలేదు, దానికి బ్యాటరీ ఉంది. నెట్ వచ్చే డాంగిల్ ల్యాప్‌టాప్‌కు కుడి పక్కన, సరిగ్గా బాబాయ్ మోచేతి కింద ఉంది. నేను చెయ్యి పెట్టబోతే ఆయన నెట్టేశారు. జీవితంలో ఒక్కసారి కూడా నన్ను విసుక్కోని మనిషి, "తియ్యే సెయ్యి!" అన్నారు.

ఫోన్లో గొంతు చాలా మర్యాదగా హిందీలో అడిగింది, ఇంట్లో ఎవరున్నారు సార్, వాళ్లను బయటకు పంపండి, ఇది రహస్యమైన పని అని. "ఠీక్ హై సార్" అన్నారు బాబాయ్. అప్పటికే ఒక నంబరు చదివి ఇచ్చేశారట. ఇప్పుడు రెండోది వచ్చింది. తెర మీద చూస్తే వాడు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను రద్దు చేస్తున్నాడు. పిన్ని కళ్ల ఆపరేషన్‌కు దాచింది అందులోనే ఉంది. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, కేబిన్లో చెప్పినట్టే విడివిడిగా, స్పష్టంగా అంకెలు చదవడం మొదలుపెట్టారు.

నేను అరిచాను. ఎర్రమ్మ అరిచింది. ఒక్కటీ ఆయన చెవికెక్కలేదు.

అప్పుడు గుమ్మంలో ఏడుస్తున్న నరసమ్మ పిన్ని లోపలికి వచ్చింది. బల్లకు అవతల, ఆయన కళ్లెదురుగా నిలబడి రెండు చేతులూ తలపైకి నిటారుగా ఎత్తింది.

రైల్వే ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెబుతాను. ఎర్ర జెండా చేతిలో లేనప్పుడు బండిని ఆపడానికి చూపే డేంజర్ సిగ్నల్ అది. ఎవరు చూపినా సరే, ఎందుకని అడగకుండా ఆగాలి.

బాబాయ్ లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది. సగం చదివిన నంబరు నోట్లోనే ఆగిపోయింది. నేను డాంగిల్ పీకేశాను.

"హలో సార్? సార్? లైన్ పే హై నా?" అంటోంది ఫోను.

ఏమన్నారనుకున్నారు బాబాయ్? "వెయిట్ సార్, డేంజర్ సిగ్నల్ హై" అన్నారు. దొంగకు కూడా కారణం చెప్పి సెలవు తీసుకునే మనిషి! ఫోను లాక్కుని కట్ చేసి, ల్యాప్‌టాప్ బటన్ నొక్కి పట్టి ఆర్పేశాను.

"ఏటే, ఏటైంది?" అన్నారు పిన్నితో.

"నా కల్లే పోనాయి అనుకున్నాను" అంది పిన్ని. "మీ కల్లు ఎప్పుడు పోనాయో తెల్దు."

ఫోన్ పెట్టేశాక

పిల్లలూ, ఇక్కడ ఒక మాట. చాలామంది కాల్ కట్ చేసి హమ్మయ్య అనుకుంటారు. కాల్ పోయినా వాడు లోపలే ఉంటాడు. మూత వేసినా చాలదు. ముందు నెట్ తెంపాలి, తర్వాత యంత్రం ఆర్పాలి, ఆ యంత్రాన్ని మళ్లీ శుభ్రం చేసేదాకా దానిలో బ్యాంకు పేజీ తెరవకూడదు. బ్యాంకుకు వేరే ఫోనుతో, పాస్‌బుక్ మీదో కార్డు వెనకో అచ్చేసిన నంబరుకే చెయ్యాలి. కస్టమర్ కేర్ నంబరు అని నెట్‌లో వెతికి మొదట కనబడినదానికి చేసేవాళ్లను ఎంతమందిని చూశానో! దొంగను తప్పించుకుని దొంగ తమ్ముడి ఇంటికి వెళ్లినట్టే. పాస్‌వర్డులు వేరే యంత్రం మీద మార్చాలి. సైబర్ ఫిర్యాదుల నంబరు ముందే తెలుసుకుని గోడకు అంటించుకోవాలి. ఇవన్నీ ఎంత త్వరగా జరిగితే అంత మిగులుతుంది.

ఎర్రమ్మ ఫోనుతో బ్యాంకుకు చేశాను. ఖాతా ఆపించాను. ఫిర్యాదు కూడా చేద్దాం, బ్యాంకుకు వెళ్దాం రండి అంటే బాబాయ్ కదలలేదు.

"నా వల్ల కాదమ్మా. అక్కడ నా కింద పనిసేసినోల్లు పెన్షన్‌కి వస్తారు. ఏటని సెప్పను?"

"జరిగింది చెప్పండి."

"జరిగింది సెప్పలేకే గదా ఇలా కూకున్నాను."

పిన్ని చెప్పులు వేసుకుని బయట నిలబడింది. అప్పుడు లేచారు. ఆటోలో సుభాష్‌పల్లి వెళ్లాం. బ్యాంకులో ఒక కుర్ర ఆఫీసర్ సంగతి వినగానే నవ్వు ఆపుకుంటూ, బెంగాలీలో బాబాయ్‌గారూ అని పిలిచి, "మెసోమొశాయ్, మేం ఇన్ని మెసేజ్‌లు పంపుతాం, చదవరా?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మెసేజ్‌లు ఇంగ్లీషులో వస్తాయి, రోజూ వచ్చే లోను ప్రకటనల మధ్య వస్తాయి. ఎవరు చదువుతారు? అదే అన్నాను. అతని పై ఆఫీసరమ్మ మాత్రం లేచి వచ్చి బాబాయ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, "దాదా, మీరు వెంటనే వచ్చారు, అది పెద్ద మేలు" అంది. ఆవిడ పేరు నాకు తెలియదు. ఆ ఒక్క మాటకు ఆవిడ చల్లగా ఉండాలని ఇప్పటికీ కోరుకుంటాను. డిపాజిట్ నిలిచింది. మొదటి నంబరుతో పోయింది పోయింది.

నా పైవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా కౌంటర్లన్నిటినీ చూసుకునే సూపర్‌వైజర్ ఆ వారం వచ్చి, సగం రోజు కౌంటర్ మూసి ఎక్కడికి వెళ్లారని అడిగాడు. చెప్పాను. "అది మన సర్వీసుల్లో లేదు కదా మేడమ్" అన్నాడు. నిజమే, లేదు. మీ పైవాళ్లు కూడా ఇదే అంటారు. తల ఊపండి, మళ్లీ అలాంటి కబురు వస్తే మళ్లీ మూసి వెళ్లండి.

బాబాయ్ కొడుకు

బాబాయ్ కొడుకు చిన్నారావు వర్క్‌షాపులో పని చేస్తాడు. ఆ క్వార్టర్ వాడి పేరునే ఉంది. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే మొదలుపెట్టాడు.

"ఏటి నాన్నా ఇది? సిన్న పిల్లలకి కూడా తెలుసు! ఎన్నిసార్లు సెప్పినాను?"

"ఎన్నిసార్లు చెప్పావురా?" అన్నాను నేను. "ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు ఏం చెప్పావు?"

"ఓటీపీ ఎవులికీ ఇవ్వొద్దని..."

"ఎందుకు ఇవ్వకూడదో చెప్పావా? ఆఫీసువాళ్లు అడిగినా ఇవ్వకూడదని చెప్పావా? అసలు ఏ ఆఫీసూ తనంతట తాను ఫోన్ చేసి మన కంప్యూటర్లోకి వస్తాననదని చెప్పావా?"

'ఎవరికీ' అంటే మన వాళ్ల లెక్కలో దొంగలకూ పరాయివాళ్లకూ అని. ఆఫీసు పరాయిది కాదు. జీతం ఇచ్చింది, పెన్షన్ ఇస్తోంది. ఈ తేడా విడమరిచి చెప్పకుండా 'ఎవరికీ ఇవ్వొద్దు' అని వంద సార్లు చెప్పినా గాలికి పోతుంది. మీరు చెప్పేటప్పుడు ఇలా చెప్పండి: ఫోను వాళ్లు చేస్తే పెట్టేయాలి. పనుంటే మనమే, మనకు తెలిసిన నంబరుకు చెయ్యాలి.

పేరు పెట్టేవాళ్లు

నేను భయపడ్డది ఇక్కడే జరిగింది. టీ కొట్టు దగ్గర ఎవడో 'ఓటీపీ తాత' అన్నాడు. ఆ మాట రెండు వీధులు దాటింది. పిల్లలు సైకిళ్ల మీద పోతూ అరిచేవాళ్లు. పెద్దవాళ్లు మందలించకపోగా ముసిముసిగా నవ్వేవాళ్లు. శనివారం గుడిలో భజనకు ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి రావడం మానేశారు. ఫోను మోగితే కూతురిదైనా ఎత్తడం లేదని పిన్ని చెప్పింది. నేను వెళ్తే పక్క గదిలోకి వెళ్లిపోయేవారు. నేను పిన్నితో మాట్లాడి, దేవుడి గూటికి దణ్ణం పెట్టుకుని వచ్చేదాన్ని. ఇంకేం చేయాలో తెలిసేది కాదు.

అలా ఉండగా ఎర్రమ్మ అన్నయ్యకు అదే ఫోను వచ్చింది. ఆయన రిటైరైన ఫిట్టర్, సుభాష్‌పల్లిలో ఉంటాడు. యాప్ ఎక్కించుకున్నాడు, నంబర్లు చెప్పాడు, మోసమని ఆ రోజే గ్రహించాడు. గ్రహించి కూడా పెళ్లానికి సైతం చెప్పలేదు. ఆ దొంగ మళ్లీ మళ్లీ లోపలికి వచ్చి ఖాతా ఊడ్చేశాక బయటపడింది.

ఎర్రమ్మ ఈ సంగతి బాబాయ్ ఇంట్లోనే నాకు చెప్పింది. పక్క గదిలో ఆయన ఉన్నారని తెలుసు.

"నాతో అయినా ఎందుకు సెప్పనేదురా అన్నాయా అంటే ఏటన్నాడో తెలుసా అక్కా? 'సెప్తే నాకూ ఓ పేరెట్టేత్తారు గదేటే' అన్నాడు."

పక్క గదిలో మంచం కిర్రుమంది. బాబాయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అంటే నన్ను సూసి బయపడ్డాడన్నమాట" అన్నారు.



ఆ శనివారం

ఆ శనివారం ఆయన భజనకు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. హారతి అయ్యాక ప్రసాదం పంచబోతుంటే, "ఒక్క నిమిషం ఆగండి" అని లేచి నిలబడ్డారు.

"నాను కూర్మారావుని. మీరు పెట్టిన పేరు కూడా నాకు తెలుసు. జరిగింది సెప్తాను, వినండి." వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగలేదు. మొత్తం చెప్పారు. లైఫ్ సర్టిఫికెట్ అన్నాడని, యాప్ ఎక్కించమన్నాడని, నంబరు అడిగితే ప్రైవేట్ నంబర్‌లా చదివానని. "కంట్రోల్ ఫోను అవతల కంట్రోలరే ఉంటాడు. ఆ తీగ ఇంకెక్కడికీ పోదు. ఈ సెల్‌ఫోనుకి తీగ నేదు. అవతల ఎవుడైనా ఉండొచ్చు. నాను అదీ ఇదీ ఒకటే అనుకున్నాను. మీరు అనుకోకండి. మాట మద్దెలో ఫోను పెట్టేస్తే మర్యాద తప్పినట్టు కాదు. ఒకేల పెట్టకపోయినా, తప్పు జరిగిపోయినా, వెంటనే సెప్పండి. నవ్వేవోల్లు ఉంటారు. నన్ను సూసి నవ్వినారు, నానేం సచ్చిపోలేదు."

ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ లేచింది. భర్త పోయాక ఫ్యామిలీ పెన్షన్ మీద బతుకుతున్న మనిషి. కొంగులోంచి ఫోను తీసింది.

"బాబూ, నాకూ నిన్న సేసినాడు. ఆ యాప్పు ఎక్కించమంటే ఎక్కించినాను. మల్లీ రేపు సేస్తానన్నాడు. ఎవులికీ సెప్పొద్దన్నాడు."

గుడి వరండాలో కూర్చుని ఆ యాప్ తీసేశాను. ఆవిడ డబ్బు ఒక్క రూపాయి పోలేదు. నా వృత్తిలో ఎన్నో పనులు చేశాను, కానీ ఆ రోజు జరిగిన మేలు నా వల్ల జరిగింది కాదు. ఆయన నోరు విప్పడం వల్ల జరిగింది. భగవంతుడు ఆయనకు ఆ ధైర్యం ఇచ్చాడని నమ్ముతాను.

ఇంత జరిగాక ఆ వెక్కిరింపు పేరు పోయిందనుకుంటున్నారా? పోలేదు. మొన్న కూడా నా చెవిన పడింది. మనుషులింతే.

అందుకే మీకు ఒక్క మనవి. ఈ సంగతి మీ కౌంటర్లకు వచ్చేవాళ్లకు చెప్పండి, చెప్పమని ఆయనే అన్నారు. తప్పు చేసి తల దించుకుని మీ ముందు నిలబడ్డవాళ్లకు మరీ చెప్పండి. కానీ చెప్పేటప్పుడు ఆయన్ని 'ఓటీపీ తాత' అనకండి. ఆయన పేరు కూర్మారావు. రైల్వేలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్‌గా చేశారు. ఆయన లైన్ క్లియర్ ఇచ్చిన బళ్లన్నీ క్షేమంగా చేరాయి. ఆయన్ని అలాగే గుర్తుపెట్టుకోండి.